శ్రమదానంతో పట్టణ వనాలకు పునరుజ్జీవం – అడవికి కాపలాగా ప్రజల నడకదారి

గరివిడి వంటి పారిశ్రామిక పట్టణాలకు అనుసరణీయమైన పద్ధతి

గరివిడి (విజయనగరం జిల్లా): పట్టణానికి దూరంగా ఉన్న దట్టమైన అడవికి చట్టం, సిబ్బంది, దూరం మూడూ రక్షణ కల్పిస్తాయి. పట్టణం అంచున ఉన్న చిట్టడవికి ఆ రక్షణ తక్కువ. ఒకవైపు నుంచి చెత్త, మరొకవైపు నుంచి గొడ్డలి, ఇంకొకవైపు నుంచి ఆక్రమణ దానిని సమీపిస్తూ ఉంటాయి. అందరి ఉమ్మడి ఆస్తిగా ఉన్నందువల్లనే ఎవరూ పట్టించుకోని స్థితి ఏర్పడుతుంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినట్లు అన్న సామెత ఇటువంటి వనాల విషయంలో అక్షరాలా నిజమవుతున్నది. ఈ స్థితిని మార్చడానికి పెద్ద యంత్రాలు, భారీ నిధులు మాత్రమే మార్గం కాదు. వారానికి కొన్ని గంటలు క్రమం తప్పకుండా శ్రమదానం చేసే పౌరులు, విద్యార్థులు, వారు నిర్మించే ఒక చిన్న నడకదారి కలిసి ఒక వనానికి తిరిగి ప్రాణం పోయగలవని దేశంలోని పలు ప్రాంతాల అనుభవం తెలియజేస్తున్నది. ఆ అనుభవాలు, వాటి వెనుకనున్న శాస్త్రీయ కారణాలు, ఉత్తరాంధ్ర పరిస్థితులకు వాటిని అన్వయించే విధానం ఈ వ్యాసంలో వివరించబడినవి.

గరివిడి ప్రాంత నేపథ్యం

భారతదేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే ప్రారంభమైనది. గరివిడి, చీపురుపల్లి పరిసరాలలోని ఖనిజ నిక్షేపాలు భూగర్భ శాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం పొందినవి. భారత భూగర్భ సర్వేక్షణ శాస్త్రవేత్త ఎల్.ఎల్.ఫెర్మర్ 1909లో వెలువరించిన గ్రంథంలో ఇక్కడి ఒక శిలాజాతికి కోడూరు గని పేరు మీదుగా ‘కోడురైట్’ అని నామకరణం చేశారు. హౌరా – చెన్నై రైలుమార్గం మీద ఉండడం, ముడి ఖనిజం చేరువలో లభించడం కారణంగా 1950వ దశకంలో గరివిడిలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం స్థాపించబడినది. దాని చుట్టూ శ్రీరామ్‌నగర్ టౌన్‌షిప్ ఏర్పడినది.

ఖని, కర్మాగారం ఈ ప్రాంతానికి ఉపాధిని ఇచ్చాయి. వాటితోపాటు తవ్వకం జరిగిన ప్రతిచోటా పైమట్టి తొలగిన నేల, వ్యర్థపు మట్టి దిబ్బలు, పొదలు మాత్రమే మిగిలిన మెట్టలు వారసత్వంగా మిగలడం గనుల ప్రాంతాల సహజ లక్షణం. సంవత్సరానికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వర్షం కురిసే విజయనగరం జిల్లాలో అటువంటి బోడి మెట్ట మీద పడిన వాన నిలువదు. మట్టిని కోసుకుంటూ దిగువ చెరువులో పూడికగా చేరుతుంది. ఫలితంగా చెరువు లోతు తగ్గుతుంది, ఆయకట్టు దెబ్బతింటుంది, వేసవిలో బావులు ఎండుతాయి. కనుక పట్టణపు అంచున ఉన్న పొదల అడవి కేవలం పచ్చదనానికి సంబంధించిన విషయం కాదు. అది దిగువ గ్రామాల సాగునీటికి, తాగునీటికి సంబంధించిన విషయం.

వేళ్ళు బ్రతికే ఉన్నాయి

పునరుద్ధరణ అనగానే మొక్కలు నాటడమే అన్న అభిప్రాయం బలంగా ఉంది. వాస్తవానికి క్షీణించిన అడవిలో చాలాచోట్ల చెట్టు నరకబడినప్పటికీ వేరు సజీవంగానే ఉంటుంది. మోడు నుంచి ప్రతి వర్షాకాలంలో పిలకలు వస్తాయి. మేకలు వాటిని కొరుకుతాయి, వేసవి మంటలు కాల్చివేస్తాయి, వంటచెరకు కోసం మిగిలినవి నరకబడతాయి. దీనివలన పదిహేను అడుగుల చెట్టు కావలసినది మోకాలి ఎత్తు పొదగానే మిగిలిపోతుంది. ఈ మూడు ఒత్తిళ్ళను కొన్నేళ్ళపాటు తగ్గించగలిగితే, నాటిన మొక్క కంటే వేగంగా పాత మోడు చెట్టుగా ఎదుగుతుంది. అప్పటికే లోతుకు పాకిన వేరువ్యవస్థ దానికి ఆధారంగా ఉండడమే అందుకు కారణం.

ఈ సత్యాన్ని దేశానికి చాటిన ప్రయోగం పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ జిల్లా అరాబారిలో జరిగినది. 1970వ దశకం ఆరంభంలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ పరిసర గ్రామాల ప్రజలను రక్షణలో భాగస్వాములను చేసి, క్షీణించిన గుగ్గిలపు అడవిని మోడు పిలకల నుంచే పునరుద్ధరించారు. రక్షణకు ప్రతిఫలంగా అటవీ రాబడిలో 25 శాతం వాటాను గ్రామస్థులకు కల్పించడం జరిగినది. ఈ అనుభవం 1988 జాతీయ అటవీ విధానానికి, 1990 జూన్ 1న కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ఉమ్మడి అటవీ యాజమాన్య మార్గదర్శకాలకు ప్రేరణగా నిలిచినది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఇదే సూత్రంపై వన సంరక్షణ సమితులు ఏర్పడినవి.

కంబాలకొండ నేర్పిన పాఠం

ఉత్తరాంధ్రలో పట్టణానికి ఆనుకొని ఉన్న అడవికి ప్రజల భాగస్వామ్యంతో రక్షణ కల్పించిన ఉదాహరణ విశాఖపట్నంలోని కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ కొండలు ఆపైన అటవీశాఖ పరిధిలోకి వచ్చాయి. సుమారు 70 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంగల ఈ అడవిని 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించడం జరిగినది. నగరానికి నీరందించిన ముడసర్లోవ జలాశయానికి ఈ కొండలే పరీవాహక ప్రాంతం.

అభయారణ్యంలోని శంభువానిపాలెం గ్రామస్థులు వన సంరక్షణ సమితిగా ఏర్పడి, అటవీశాఖతో కలిసి పర్యావరణ పర్యాటక కేంద్రం నిర్వహణలో పాలుపంచుకున్నారు. కట్టెలపై ఆధారపడిన కుటుంబాలకు మార్గదర్శకులుగా, కాపలాదారులుగా, కేంద్రం సిబ్బందిగా పని లభించినది. జాతీయ రహదారి పక్కనే అడవిలోకి వెళ్ళే నడకదారులు నగరవాసులకు అందుబాటులోకి వచ్చాయి. అడవిలోకి వచ్చేవారిని అదుపు లేకుండా విడిచిపెట్టకుండా, నిర్ణీత దారిలో నడిపించడం ఇక్కడి ప్రధాన సూత్రం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని చెట్లతోపాటు కంబాలకొండలోని వృక్షసంపద కూడా తీవ్రంగా దెబ్బతిన్నది. శ్రీకాకుళం జిల్లాను 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తాకినది. ఈ తీరంలో అడవిని పునరుద్ధరించేవారు తుపానును అరుదైన విపత్తుగా కాక, తరచూ రాగల సంఘటనగా లెక్కలోకి తీసుకోవాలని ఈ రెండు అనుభవాలూ హెచ్చరిస్తున్నాయి. ఒకే జాతి చెట్లను వరుసలుగా పెంచిన తోట కంటే, లోతైన వేళ్ళుగల పలు స్థానిక జాతులు, పొదలు, తీగలు కలిసిన అడవి దెబ్బను తట్టుకొని తిరిగి చిగురించగలదు.

గనుల నేలపై పౌరుల కృషి

కంబాలకొండలో అడవి కొంత మిగిలి ఉండగానే రక్షణ మొదలైనది. అడవి దాదాపు పూర్తిగా పోయిన గనుల నేలలో ఏమి చేయవచ్చునన్న ప్రశ్నకు హర్యానాలోని గురుగ్రామ్ సమాధానం చూపినది. అక్కడ రాతి గనుల వలన గుంతలమయమైన 380 ఎకరాలకు పైబడిన ఆరావళి భూమిని పౌరుల సంస్థ ‘ఐ యామ్ గుర్‌గావ్’, నగరపాలక సంస్థ కలిసి జీవవైవిధ్య ఉద్యానంగా మార్చే కార్యక్రమాన్ని 2010లో చేపట్టాయి. పాఠశాలల విద్యార్థులు, సంస్థల ఉద్యోగులు, నివాస సంఘాల సభ్యులు వర్షాకాలాలలో మొక్కలు నాటారు. బజారులో సులభంగా దొరికే అలంకార మొక్కలను కాక, ఆరావళి పర్వతాలలో మిగిలిన సహజ వనాల నుంచి గింజలు సేకరించి, సొంత నర్సరీలో పెంచి నాటడం ఈ కృషి ప్రత్యేకత. అనంతరం 2022 ఫిబ్రవరి 2న ఈ ఉద్యానానికి, రక్షిత ప్రాంతాల వెలుపల జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న స్థలంగా దేశంలోనే తొలి గుర్తింపు లభించినది.

జిల్లా స్థాయిలోనూ శ్రమదాన సంప్రదాయం కొత్తది కాదు. 2018 – 2021 మధ్య విజయనగరం జిల్లా కలెక్టరుగా పనిచేసిన డాక్టర్ ఎం.హరిజవహర్‌లాల్ నాయకత్వాన ‘హరిత విజయనగరం’ పేరిట మొక్కలు నాటడం, చెరువులను శుభ్రపరచడం వంటి కార్యక్రమాలు ప్రజల భాగస్వామ్యంతో సాగాయి. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 5న నగర వన పథకాన్ని ప్రకటించినది. బోడి కొండను ప్రజల సహకారంతో వనంగా మార్చిన పుణే నగరంలోని వార్జే ప్రాంతం ఈ పథకానికి ఆదర్శంగా తీసుకోబడినది.

మొదటి మెట్టు: భూమి ఎవరిది?

పార పట్టే ముందు తేల్చవలసిన విషయం భూమి స్వభావం. పట్టణపు అంచున ఉన్న మెట్ట రిజర్వు అటవీ భూమి కావచ్చు, రెవెన్యూ పోరంబోకు కావచ్చు, గ్రామ పంచాయతీ ఆధీనంలోని బంజరు కావచ్చు, ఖనిజ లీజులోని భూమి కావచ్చు. ఒక్కొక్క దానికి అనుమతి ఇచ్చే అధికారి వేరు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967, అటవీ సంరక్షణ చట్టం 1980, నీరు–భూమి–చెట్ల చట్టం 2002 నిబంధనలు వర్తించే చోట సదుద్దేశంతో చేసిన పని కూడా అనుమతి లేకపోతే నేరం కాగలదు. కనుక సర్వే నంబరు, హద్దులు, లీజు స్థితి తెలుసుకొని, తహసీల్దారు, అటవీ రేంజి అధికారి, పంచాయతీల లిఖితపూర్వక అంగీకారం తీసుకోవడం ప్రథమ కర్తవ్యం. హద్దురాళ్ళు స్పష్టంగా కనిపించేలా చేయడమే అనేక సందర్భాలలో ఆక్రమణకు తొలి అడ్డుకట్ట అవుతుంది.

రెండవ మెట్టు: చెత్త, కలుపు తొలగింపు

చెత్త తొలగించిన తరువాత స్వచ్ఛంద సేవకులకు ఎదురయ్యే ప్రధాన శత్రువు విదేశీ కలుపు. లాంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ వంటివి వెలుతురును, నేలను ఆక్రమించి స్థానిక మొలకలను ఎదగనీయవు. లాంటానాను పైపైన నరికితే మొదలు నుంచి రెట్టింపు కొమ్మలు పుడతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్.బాబు బృందం రూపొందించిన పద్ధతిలో, నేలమట్టానికి కొద్ది సెంటీమీటర్ల దిగువన ప్రధాన వేరును కోసి, పొదను పెళ్ళగించి తలక్రిందులుగా ఉంచుతారు. దీనివలన అది మళ్ళీ చిగురించదు, నేల కూడా ఎక్కువగా కదలదు. కాయలు పండకముందే ఈ పని పూర్తి చేయాలి. పండిన తరువాత చేపడితే పక్షులు, మనుషుల దుస్తులు, పనిముట్లు గింజలను మరింత దూరం చేరుస్తాయి.

అయితే కలుపును ఒకేసారి మొత్తం తొలగించడం తగదు. ముళ్ళ పొదల చాటున స్థానిక మొలకలు, పక్షుల గూళ్ళు ఉంటాయి. చిన్న చిన్న ఖండాలుగా విభజించి, ఒక ఖండంలో కలుపు తీసిన వెంటనే అక్కడ స్థానిక గడ్డి, మొక్కలు స్థిరపడేలా చేసి, తరువాతి ఖండానికి వెళ్ళడం క్షేమకరం. తొలగించిన చోటికి మరుసటి రెండు మూడు సంవత్సరాలు తిరిగి వెళ్ళి కొత్త మొలకలను పీకవలసి ఉంటుంది. ఒక్క రోజు ఉత్సవంగా జరిగే శ్రమదానం విఫలమయ్యేది ఇక్కడే.

మూడవ మెట్టు: వాన నీటిని నిలపడం

ఏటవాలుకు అడ్డంగా, ఒకే మట్టం వెంబడి తవ్విన కందకాలు పరుగెత్తే నీటిని ఆపి నేలలోకి ఇంకిస్తాయి. చిన్న వాగులలో దొరికిన రాళ్ళనే పేర్చి కట్టే అడ్డుకట్టలు మట్టిని పట్టి ఉంచుతాయి. ఇవి పై నుంచి కిందికి వరుసగా నిర్మించాలి. పై భాగాన్ని విడిచి దిగువన కట్టిన కట్ట తొలి పెద్ద వానకే పూడిపోతుంది. బ్రతికి ఉన్న చెట్టు వేళ్ళను కోస్తూ కందకం తవ్వరాదు. ఈ పనిలో మట్టం గుర్తించడం, వాలు కొలవడం విద్యార్థులు సులభంగా నేర్చుకోగలరు. బరువైన తవ్వకం పనిని మాత్రం సమీప గ్రామాల కూలీలకు వేతనంపై అప్పగించడం న్యాయం, ఆచరణ సాధ్యం కూడా.

నాలుగవ మెట్టు: నాటవలసినవి ఏవి?

మోడులు, మొలకలు లేని ఖాళీలలో మాత్రమే నాటడం అవసరం. ఉత్తరాంధ్ర మెట్టలకు అనువైన జాతులు ఇక్కడి ప్రజలకు పరిచితమైనవే. రేల, మోదుగ, తునికి, వెలగ, మారేడు, ఉసిరి, చింత, వేప, కానుగ ఎండను తట్టుకుంటాయి. వాగుల వెంట నేరేడు, తెల్లమద్ది, మేడి బాగా పెరుగుతాయి. ఏటికొప్పాక లక్క బొమ్మల తయారీకి ఆధారమైన అంకుడు చెట్టు కూడా ఈ ప్రాంతపు సహజ సంపదే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళకు ముడిసరుకు తగ్గకుండా ఉండాలంటే అంకుడు వనాల పెంపకం అవసరం. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ రైతుకు రాబడినిచ్చే పంటలే గాని, అడవి పునరుద్ధరణకు అవి ప్రత్యామ్నాయం కావు.

గింజలను సమీప వనాల నుంచే, వేరువేరు చెట్ల నుంచి సేకరించాలి. ఒకే తల్లిచెట్టు గింజలతో పెంచిన మొక్కలన్నీ ఒకే బలహీనతను కలిగి ఉండే ప్రమాదం ఉంది. చెట్లతోపాటు పొదలు, గడ్డి, తీగలు కూడా వనంలో భాగమేనని గుర్తించాలి.

గని మట్టి దిబ్బల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. మాంగనీసు గని వ్యర్థపు మట్టిలో సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం చాలా తక్కువ. మేలు చేసే సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ మహారాష్ట్రలోని మాంగనీసు గనుల దిబ్బలపై చేసిన కృషిలో, చక్కెర కర్మాగారాలలో మిగిలే ప్రెస్‌మడ్‌ను, నత్రజనిని స్థిరీకరించే సూక్ష్మజీవులను, వేళ్ళతో సహజీవనం చేసే శిలీంధ్రాలను గుంతలలో కలిపి చెట్లను విజయవంతంగా పెంచినది. చెరకు పండే ఉత్తరాంధ్రలో ఈ పద్ధతికి అవసరమైన వనరులు సమీపంలోనే లభిస్తాయి. దిబ్బ వాలును స్థిరపరచడం మాత్రం గనుల నిపుణుల బాధ్యత. లీజులో ఉన్న భూమిలో ఆ బాధ్యత లీజుదారునిది. దానిని స్వచ్ఛంద సేవకులపైకి నెట్టరాదు.

నడకదారి: అలంకారం కాదు, కాపలా

పునరుద్ధరించిన వనంలో దారి ఎందుకన్న ప్రశ్న సహజం. మనుషుల రాకపోకలు లేని పట్టణ వనం త్వరలోనే చెత్త కుప్పగా, చాటుమాటు వ్యవహారాలకు నెలవుగా మారుతుంది. ప్రతి ఉదయం వంద మంది నడిచే వనంలో ట్రాక్టరు చెత్త దించడానికి, గొడ్డలి వేటు వేయడానికి వెనుకాడుతారు. మంట అంటుకున్న వెంటనే కబురు అందుతుంది. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించబడిన సుమారు 350 ఎకరాల కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం ఇందుకు నిదర్శనం. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ చెట్లు తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు అభ్యంతరం తెలిపినవారిలో అక్కడ నిత్యం నడిచేవారు ఉన్నారు. నడిచే అలవాటు కలిగినవారికి ఆ వనం తమదన్న భావం కలుగుతుంది. ఉమ్మడి ఆస్తికి లోపించే యజమాని ఈ విధంగా దొరుకుతాడు.

దారి సరిగా లేకపోతే అదే కోతకు కారణమవుతుంది. కొండ పైకి నిటారుగా వేసిన బాట వానాకాలంలో కాలువగా మారుతుంది. ఈ కారణంగా దారిని వాలుకు అడ్డంగా, మెల్లగా ఎక్కేలా వేయాలి. దారి ఎత్తు పెరిగే రేటు ఆ కొండవాలులో సగానికి మించరాదు; సగటున పది అడుగుల నడకకు ఒక అడుగు ఎత్తుకు మించకుండా చూడాలి. దారి ఉపరితలాన్ని దిగువ అంచు వైపు స్వల్పంగా వంచితే నీరు దారి వెంట పరుగెత్తకుండా పక్కకు జారిపోతుంది. అక్కడక్కడ దారిని కొద్దిగా దించి మళ్ళీ ఎక్కించడం వలన మిగిలిన నీరు బయటకు పోతుంది. మూడు నాలుగు అడుగుల వెడల్పు నడకదారికి సరిపోతుంది. సిమెంటు అవసరం లేదు. స్థానిక రాయి, గట్టిపరచిన మట్టి చాలు.

దారి నీటి ఊటలను, గూళ్ళున్న చోట్లను, కొత్తగా మొలకలు వస్తున్న ఖండాలను తప్పించుకుంటూ సాగాలి. వనంలో అధిక భాగాన్ని మనుషుల అడుగు పడకుండా విడిచిపెట్టడమే మంచి దారి లక్షణం. ప్రవేశద్వారం సమీపంలో వృద్ధులకు, దివ్యాంగులకు అనువైన చదునైన భాగం ఏర్పాటు చేయాలి. చెట్ల పేర్లు, వాటి ఉపయోగాలు తెలుగులో రాసిన పలకలను మేకులతో చెట్టుకు కొట్టకుండా విడిగా పాతాలి. చీకటి పడిన తరువాత ప్రవేశం ఉండరాదు.

సంవత్సరమంతా సాగవలసిన పని

శ్రమదానంలో అసలు పరీక్ష వేసవిలో ఎదురవుతుంది. మొక్కలు నాటే రోజున వందల మంది వస్తారు. ఏప్రిల్ ఎండలో నీరు పోయడానికి పదిమంది మిగలడం కష్టమవుతుంది. కనుక పనిని సంవత్సర చక్రానికి అనుగుణంగా పంచుకోవాలి.

సంక్రాంతి నాటికి వనం చుట్టూ, దారి వెంట ఎండుగడ్డి తొలగించి అగ్ని నిరోధక రేఖలు సిద్ధం చేయాలి. ఫిబ్రవరి నుంచి మే వరకు మంటలపై నిఘా, లేత మొక్కలకు నీరు, మొదళ్ళ చుట్టూ ఆకుల కప్పు ముఖ్యం. మే నెలలో గుంతలు, కందకాలు పూర్తికావాలి. మృగశిర కార్తెలో వానలు నిలకడగా పడిన తరువాత నాటడం ఆరంభించి, ఆగస్టు లోపు ముగించాలి. ఆగస్టు, సెప్టెంబరులలో కలుపు తీత జరగాలి. అక్టోబరు, నవంబరు తుపాను మాసాలు. పడిన కొమ్మలను దారి మీద నుంచి తొలగించి, అడవి లోపల మాత్రం నేలలో కలిసేలా విడిచిపెట్టాలి. కార్తిక మాసంలో ఉసిరి చెట్టు నీడన జరిగే వనసమారాధన ప్రజలను వనానికి చేర్చే చక్కటి సందర్భం. ఆ రోజున విస్తరాకులు మాత్రమే వాడి, ప్లాస్టిక్‌ను దూరంగా ఉంచితే ఆచారం, పర్యావరణం రెండూ నిలుస్తాయి.

ఇందుకు స్థానికంగా వ్యవస్థలు ఉన్నాయి. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం కింద ప్రతి వలంటీరు సంవత్సరానికి 120 గంటల సేవ చేయవలసి ఉంటుంది. గరివిడిలోని పశువైద్య కళాశాలతో పాటు పరిసర విద్యాసంస్థల విద్యార్థులు ఆ గంటలను ఒకే వనానికి కేటాయిస్తే, చదువు ముగించి వెళ్ళే బ్యాచి తరువాతి బ్యాచికి పనిని అప్పగించే సంప్రదాయం ఏర్పడుతుంది. మహిళా సంఘాలు నర్సరీని, విశ్రాంత ఉద్యోగులు ఉదయపు పర్యవేక్షణను, కర్మాగార కార్మికులు పనిముట్ల మరమ్మతును స్వీకరించవచ్చు.

అడవిపై ఆధారపడినవారిని విస్మరించరాదు

పునరుద్ధరణ పేరిట కంచె వేసి తలుపు మూస్తే నష్టపోయేది పుల్లలు ఏరుకొనే మహిళలు, మేకల కాపరులు. వారిని శత్రువులుగా చూసిన చోట కంచె ఎంతోకాలం నిలువదు. వనాన్ని ఖండాలుగా విభజించి వంతులవారీగా మూసివేయడం, మేపడానికి బదులు గడ్డి కోసుకొనిపోయే అవకాశం కల్పించడం, ఎండు పుల్లలు, ఉసిరి, చింత, విస్తరాకుల సేకరణకు అనుమతి ఉన్న మేరకు ముందుగానే నియమాలు రాసుకోవడం అవసరం. గడ్డి చిగురు కోసం నిప్పు పెట్టే అలవాటు మానాలంటే గడ్డి మరొక మార్గంలో లభించాలి. ఉదయపు నడకకు వచ్చేవారి సౌకర్యం కోసం పేదల జీవనాధారం పోకుండా చూడడం కమిటీ బాధ్యత. అందుచేత కమిటీలో వారికి స్థానం తప్పనిసరిగా ఉండాలి.

భద్రత, లెక్క

పాత గనుల గుంతలు, నీరు నిలిచిన గోతులు అత్యంత ప్రమాదకరం. వాటికి కంచె, హెచ్చరిక పలక లేకుండా సమీపంలో పని చేపట్టరాదు. పొదలు తొలగించేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు ధరించాలి. పాముకాటు సంభవిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయరాదు. బాధితుని కదలకుండా ఉంచి, 108 వాహనంలో విషానికి విరుగుడు మందు లభించే ఆసుపత్రికి తరలించాలి.

ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క కంటే ఎన్ని బ్రతికాయన్న లెక్క విలువైనది. పది మీటర్ల చదరపు గడులు కొన్నింటిని గుర్తించి, ప్రతి సంవత్సరం అదే మాసంలో మొలకలు, పిలకలు, కలుపు లెక్కించి నమోదు చేయాలి. ఒకే స్థలం నుంచి ఏటా ఒక ఛాయాచిత్రం తీసినా మార్పు స్పష్టమవుతుంది. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం స్థానిక సంస్థలు రూపొందించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఈ వివరాలను చేర్చితే, రేపు ఆ భూమిపై మరొక ప్రతిపాదన వచ్చినప్పుడు వనం ఉనికికి అది అధికారిక సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రజల చేతిలోనే ఫలితం

పట్టణ వనం తిరిగి లేవడానికి కావలసిన వేరు చాలాచోట్ల నేలలోనే ఉన్నది. వాన ఏటా వస్తూనే ఉన్నది. లోపించినది వరుసగా కొన్ని సంవత్సరాలు అదే చోటికి తిరిగి వచ్చే మనుషులు. నడకదారి వారిని రప్పిస్తుంది. వారి రాక వనాన్ని కాపాడుతుంది. కాపాడిన వనం చెరువును నింపుతుంది. భూగర్భం నుంచి ఖనిజాన్ని దేశానికి అందించిన గరివిడి ప్రాంతంలో, ఆ నేల పైభాగాన్ని తిరిగి పచ్చగా నిలిపే బాధ్యతను పంచాయతీలు, విద్యాసంస్థలు, పరిశ్రమలు, అటవీశాఖ, పౌరులు ఉమ్మడిగా స్వీకరించవలసి ఉన్నది. ముందుగా ఒక మెట్టను, ఒక వాగును, ఒక మైలు దారిని ఎంచుకొని, వచ్చే మృగశిరకు గుంతలు, ఆపై వచ్చే వేసవికి నీరు సిద్ధం చేసుకోవడమే దానికి శ్రీకారం.